సున్నాకి ముందు గీత

కుట్టుమిషన్ల షోరూములో కౌంటరు దగ్గరున్న మనిషి తలెత్తకుండానే అడిగాడు.

"కుట్టు తప్పుతోందా?"

"తప్పడం లేదు. దారమే అయిపోయింది."

"ఎన్నో నంబరు?"

"ఏదుంటే అది ఇవ్వండి."

కోడ్ సరిపోయింది. వెనక తలుపు దానంతటదే తెరుచుకుంది. అతను లోపలికి నడిచాడు. గోడ గడియారంలో పదకొండూ ఇరవై.

గూఢచారి సర్వీసులో అతన్ని సూది అంటారు. కుట్టుమిషన్ల కంపెనీ మెకానిక్ అన్నది పన్నెండేళ్ళుగా అతని కవర్, అంటే పైకి చెప్పుకునే ఉద్యోగం. ఆ పన్నెండేళ్ళలో మిషను బాగుచేసే నెపంతో మూడు రాయబార కార్యాలయాల్లో దూరాడు. రెండు ముఠాలను ఉప్పందకుండా పట్టించాడు. ఒకసారి కదిలే రైల్లోంచి దూకి, దులుపుకుని, టిఫిన్ వేళకి ఇంటికి చేరాడు. ఒక్క మిషను మాత్రం సరిగ్గా బాగుచేసిన పాపాన పోలేదు.

చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు. బ్రీఫింగ్‌లో ఆయనకి క్రియాపదాలంటే గిట్టదు.

"పైన మన అంతరిక్ష నౌక. అందులో ఇద్దరు. దారిలో పాత రాకెట్టు శకలం. నాలుగూ పదికి ఇంజన్ ఫైరింగ్."

"తప్పుకోవడానికా?"

"తప్పుకోవడానికే. శకలం ఎక్కడుందో చెప్పే రాడార్ లేదు. పోయిన నెల విదేశీ ముఠా పేల్చేసింది, నీకు తెలుసు. మిగిలింది కొండ మీది టెలిస్కోపు ఒక్కటే."

ఆ టెలిస్కోపు పేరు వినగానే సూది ఏదో ఒకటి అంటాడని పెద్దాయన ఎదురుచూశాడు. సూది ముఖంలో ఏ మార్పూ లేదు. టీ కప్పు తీసుకుని గటగటా తాగేశాడు. అది పొగలు కక్కుతోందని తాగాక కూడా అతనికి తెలియలేదు. మూడు వారాలుగా అంతే. పంటి డాక్టరు ఇంజక్షన్ ఇచ్చాక దవడ ఎలా ఉంటుందో అతనికి లోపలంతా అలా ఉంది. నొక్కితే నొక్కినట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం లేదు.

మూడు వారాల కిందట ఆ టెలిస్కోపు గుమ్మటం లోపలి ఇనుప మెట్ల మీంచి పడి చనిపోయిన మనిషి అతని బావ. అక్క భర్త. అక్కడి డేటా రూములో ఇరవై ఆరేళ్ళు పనిచేశాడు. అందరూ ఆయన్ని హెడర్ మాస్టారు అనేవారు.

హెడర్ అంటే పెద్ద విషయమేం కాదు. టెలిస్కోపు తీసే ప్రతి ఫొటో ఫైలుకీ పైన కొన్ని వరసలు అక్షరాలుంటాయి. ఎప్పుడు తీశారు, ఎంతసేపు తీశారు, అన్నిటికన్నా ముఖ్యంగా ఆకాశంలో ఏ చోటు తీశారు. కవరు మీద అడ్రసులాంటిది. టెలిస్కోపు పాతబడ్డది కాబట్టి ఆ అడ్రసు అప్పుడప్పుడూ కాస్త తప్పు రాస్తుంది. ఫొటోలోని నక్షత్రాలను నక్షత్రాల పటంతో పోల్చి, అసలు అడ్రసు కనుక్కుని దిద్దడం మాస్టారి పని.

శకలం ఫొటోలు మూడు వందల పది. వాటిలో నలభై రెండు ఫైళ్ళ హెడర్లను మాస్టారు మార్చాడు. మార్చక ముందు లెక్క ప్రకారం శకలం సూటిగా నౌక మీదికే వస్తోంది, ఇంజన్ వెలిగించి పక్కకి జరగాలి. మార్చాక లెక్క ప్రకారం శకలం దూరంగా పోతుంది, నౌక కదలక్కర్లేదు. మాస్టారు విదేశీ ముఠాకి అమ్ముడుపోయాడని, నౌకని కదలనివ్వకుండా చేసి ఇద్దరు మనుషుల్ని చంపించబోయాడని సర్వీసుకి సమాచారం వచ్చింది. తెచ్చింది డాలియా. ముఠాలో మన మనిషి.

నిజమో కాదో చూసి రిపోర్టు ఇవ్వమని పెద్దాయన ఆ పని సూదికే ఇచ్చాడు. సొంత మనిషి అయితే ఇంట్లోకి వెళ్ళడం సులువని. సూది వెళ్ళాడు, బావతో కలిసి భోంచేశాడు, బావ కంప్యూటర్ చూశాడు, రెండు వాక్యాలు రాశాడు. 'లాగిన్ ఆయనదే. మార్చింది ఆయనే.' రెండూ నిజమే. మూడో రోజున బావ మెట్ల మీంచి పడ్డాడు. పట్టుబడతానన్న భయంతో దూకాడని ఫైలు మూసేశారు.

"ఇప్పుడు నీ పని," అన్నాడు పెద్దాయన. "ఆ నలభై రెంటి మీదా మాస్టారు రాసింది తీసెయ్. టెలిస్కోపు రాసింది పెట్టు. మూడున్నరకల్లా నౌక కంట్రోల్‌కి. మాస్టారి గుర్తున్న ఏ ఫైలునీ వాళ్ళు తీసుకోరు. ఆర్డర్ ఉంది."

"అక్కడ డాలియా ఉంటుందా?"

"కన్సల్టెంటుగా. టెలిస్కోపు కొత్త కంట్రోల్ బాక్స్ బిగించింది ఆమే." పెద్దాయన కాస్త ఆగి, ఆ రోజు మొదటిసారి ఒక ప్రశ్న అడిగాడు. "వేరే ఎవరినైనా పంపమంటావా?"

"ఎందుకు?" అన్నాడు సూది.

* * *

కొండ దారిలో ఉండగా అక్క ఫోన్ చేసింది. అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మూడు వారాలుగా ఆమె కూడా ఎక్కువ మాట్లాడటం లేదు, పనికొచ్చే ముక్క మాట్లాడి పెట్టేస్తోంది.

"మిషను మళ్ళీ కుట్టు తప్పుతోందిరా. మొన్న నువ్వు చూసి వెళ్ళిన దగ్గర్నుంచీ."

"సాయంత్రం వస్తా అక్కా."

"రా. తాపీగానే రా," అని పెట్టేసింది.

ఒకటీ నలభై అయిదుకి అతను కొండ మీద దిగాడు. నెరిసిన విగ్గు, ముక్కు కింద గుబురు మీసం, జేబు మీద కాలిబ్రేషన్ ఇన్‌స్పెక్టర్ అన్న బిళ్ళ. చేతిలో మాత్రం ఎప్పుడూ ఉండే టూల్ బాక్సే. అందులో నూనె డబ్బా, స్క్రూడ్రైవర్లు, సూదుల పొట్లం, దారం చుట్టే బాబిన్లు ఆరు. వాటిలో నాలుగు నిజమైన బాబిన్లు.

డేటా రూము పొడుగాటి గది. ఒక పక్క కంప్యూటర్లు, ఇంకో పక్క గోడ పొడవునా ఇనుప సొరుగులు. సొరుగుల నిండా నక్షత్రాల పటాలు. వాటిని చూసుకునే ముసలావిడని అక్కడ చార్టులావిడ అంటారు. సూది రాగానే ఆవిడ బిళ్ళ చూసి, మీసం చూసి, దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"నువ్వు మాస్టారి బావమరిదివి కదూ?"

సర్వీసు మేకప్ నిపుణుడు ఆ మీసానికి రెండు గంటలు పట్టాడు. సూది దాన్ని ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"అడగన్లే బాబూ. ఆయన కుర్చీ అదే. ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఆ ఎర్ర కోటు కన్సల్టెంటు రెండుసార్లు అడిగింది, కాలు విరిగిందని చెప్పా."

"కుర్చీకి కాలు విరగలేదుగా?"

"నేనూ అదే అంటున్నా," అంటూ ఆవిడ తన సొరుగుల దగ్గరికి వెళ్ళిపోయింది.

కుర్చీలో కూర్చుంటే బావ వీపు ఒరుసుకున్న చోట రెక్సిన్ నున్నగా తగిలింది. ఏమైనా అనిపిస్తుందేమోనని సూది ఓ క్షణం చూశాడు. ఏమీ అనిపించలేదు. కంప్యూటర్ ఆన్ చేశాడు.

పని నిజానికి పావుగంట పని. నలభై రెండు ఫైళ్ళు తెరవాలి, పై వరస కొట్టెయ్యాలి, కింది వరస పైకి తేవాలి. కింది వరస ఎక్కడికీ పోలేదు, భద్రంగా ఉంది. అది మాస్టారి పద్ధతి. పాత విలువని ఎప్పుడూ చెరపడు. దాన్ని ఒక వరస కిందికి దించి, 'టెలిస్కోపు రాసింది' అని పక్కన రాసి, పైన తాను దిద్దింది వేసి, తేదీ, తన గుర్తు పెడతాడు. చెరిపితే తప్పు పోదురా, తప్పు జరిగిందన్న జాడ పోతుంది, అనేవాడు. భోజనాల దగ్గర ఇలాంటివి చెప్పి విసిగించేవాడు.

మొదటి ఫైలు తెరిచాడు. రెండోది తెరిచాడు. మూడోది తెరిచి, కొట్టెయ్యడానికి వేలు పెట్టి, ఆగాడు.

ఆగడానికి కారణం బావ మీద ప్రేమ కాదు. సూది అంత మంచి స్థితిలో లేడు. పన్నెండేళ్ళ వృత్తి అలవాటు ఒకటి అడ్డుపడింది. దొంగతనంగా పని చేసేవాడు జాడ ఎందుకు ఉంచుతాడు? పాత విలువ కింద, తేదీ పక్కన, సొంత గుర్తుతో సహా? అది సరే. మూడు వందల పది ఫొటోలుంటే సరిగ్గా నలభై రెంటినే ఎందుకు మార్చాడు?

ఈ ప్రశ్న రిపోర్టు రాసేటప్పుడు రావలసింది. అప్పుడు రాలేదు.

మిగతావన్నీ తెరిచి వరసగా కాగితం మీద రాసుకున్నాడు. ఇరవయ్యో దాని దగ్గరికి వచ్చేసరికి కనబడింది. ఆకాశానికీ ఒక మధ్యరేఖ ఉంటుంది. దానికి పైన ఉన్నదాన్ని ప్లస్‌లోనూ, కింద ఉన్నదాన్ని మైనస్‌లోనూ డిగ్రీల్లో లెక్కేస్తారు. డిగ్రీల తర్వాత నిమిషాలు వస్తాయి. బావ మార్చిన నలభై రెంటిలోనూ డిగ్రీల చోట సున్నా ఉంది. టెలిస్కోపు అన్నిటికీ ప్లస్ రాసింది. బావ సున్నాకి ముందు ఒక చిన్న అడ్డగీత పెట్టాడు. అంతే. నలభై రెండు మైనస్‌లు. ఒక్క అంకె కూడా ముట్టుకోలేదు.

సూది చార్టులావిడని పిలిచి, సున్నాకి మైనస్ ఉంటుందా అని అడిగాడు.

"వట్టి సున్నాకి ఉండదు. సున్నా డిగ్రీల పన్నెండు నిమిషాలకి ఉంటుంది. రేఖకి పన్నెండు నిమిషాలు పైన వేరు, కింద వేరు. కొత్తగా ప్రోగ్రాం రాసేవాళ్ళంతా ఇక్కడే బోర్లా పడతారు. డిగ్రీలు ఒక పక్క, నిమిషాలు ఒక పక్క విడదీస్తారు. సున్నాకి మైనస్ ఎందుకులే అని మిషను దాన్ని మింగేస్తుంది. మైనస్ ఒకటి, మైనస్ రెండు అన్నీ బాగానే వస్తాయి, ఈ సున్నా దగ్గరే." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మన పాత కంట్రోల్ పెట్టెలో మాస్టారే దిద్దారు దాన్ని, నేను చేరిన ఏడాది."

"కొత్త పెట్టెలో?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, కాగితం మీది మైనస్‌ల వరసని వేలితో చూపించింది.

సూదికి ఇంకో సందేహం మిగిలింది. గీత పోయిందని బావ అనుకున్నాడు, మంచిదే. గీత ఉండకూడదని టెలిస్కోపు అంటోంది. ఎవరిది నిజమో చెప్పాల్సింది ఆ ఇద్దరూ కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం బావ అతనికి చూపించాడు, అప్పుడు కూడా అతను ఆవలిస్తూనే చూశాడు. ఫొటోని పారదర్శకమైన షీటు మీద ప్రింటు తియ్యాలి. చార్టు మీద పెట్టి జరపాలి. చుక్క మీద చుక్క అద్దినట్టు కూర్చోవాలిరా, ఒక్కటి పక్కకి జరిగినా అడ్రసు తప్పే, అన్నాడు బావ.

చార్టులావిడ షీట్లు తెచ్చింది. మొదటి ఫొటో ప్రింటు తీసి, టెలిస్కోపు చెప్పిన చోట పెట్టాడు. ఒక్క చుక్క కూడా కలవలేదు. ఎటు జరిపినా, ఎటు తిప్పినా కలవలేదు. మధ్యరేఖకి కిందకి, బావ చెప్పిన చోటకి జరిపాడు. చార్టు మీది పదకొండు నక్షత్రాలు షీటు మీది పదకొండు చుక్కల కిందా ఒక్కసారిగా మాయమయ్యాయి. అంత కచ్చితంగా కూర్చున్నాయి.

రెండోదీ అంతే. మూడోది, నాలుగోది, అయిదోది. బావ ముట్టుకోకుండా వదిలేసిన సున్నా ఫైళ్ళు ఇంకో పాతిక ఉన్నాయి. వాటిలో రెండు తీసి చూశాడు. అవి నిజంగానే రేఖకి పైన ఉన్నాయి. బావ ప్రతి ఒక్కదాన్నీ ఇలా జరిపి జరిపి చూసే రాశాడు.

అంటే నౌకకి ప్రమాదం లేదు. శకలం దూరంగానే పోతుంది. నాలుగూ పదికి ఇంజన్ వెలిగిస్తే మాత్రం నౌక తిన్నగా వెళ్ళి దాని దారిలో నిలబడుతుంది. డాలియా ముఠా మనిషే, గీత మింగే పెట్టె బిగించింది. అది ఎవరి కంటా పడదు, పడినా పొరపాటనుకుంటారు. ఒక్క మనిషి కంట పడింది. ఆ మనిషి దిద్దిందంతా చెత్తబుట్టలో వెయ్యాలంటే ఆయన ద్రోహి అనిపించాలి. ఆ పని పూర్తి చేసింది ముఠా కాదు. రెండు వాక్యాల రిపోర్టు.

ఆ సంగతి సూదికి స్పష్టంగా అర్థమైంది. దవడ మీద ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడు తెలిసింది. నొప్పి ఇంకా రాలేదు. టైము మూడూ ఇరవై.

పెద్దాయనకి సెక్యూర్ లైన్ కలిపాడు. అంతా చెప్పాడు.

"మార్చింది ఆయనే అని రాసింది నువ్వు," అన్నాడు పెద్దాయన.

"నేనే."

"ఇప్పుడు కాదంటావా?"

"మార్చింది ఆయనే. తప్పు రాసింది నేను."

సొంత రిపోర్టు తప్పు అని ఏజెంటు ఒప్పుకోవడానికి సర్వీసు కోడ్ బుక్కులో మాట లేదు. ఇంతవరకు ఎవరికీ అవసరం పడలేదు.

"బావమరిది మాట," అన్నాడు పెద్దాయన చివరికి. "పైన ఇద్దరు. నీ ఒక్క మాట మీద ఇంజన్ ఆపలేను. ఫైళ్ళు పంపు, నీ గుర్తు పెట్టి. నాలుగూ పదిలోపు రుజువు."

సూది నలభై రెండు ఫైళ్ళూ మళ్ళీ తెరిచాడు. బావ వరసని కొట్టెయ్యలేదు. దాని కింద ఒక్కో ఫైలులోనూ ఒక్కో వరస టైపు చేశాడు. 'నక్షత్రాలతో సరిచూశాను. సూది.' రెండు వేళ్ళతో టైపు చేసేవాడికి నలభై రెండు వరసలంటే మాటలు కాదు. మూడూ యాభై రెండుకి పంపేశాడు. తర్వాత టూల్ బాక్స్ తెరిచి బాబిన్లన్నీ తీసి బల్ల మీద వరసగా పెట్టాడు. ఒక దాని దారం లాగి, గుమ్మానికి లోపల, చీలమండ ఎత్తులో కట్టాడు. అది దారంలా కనిపించే ఉక్కు తీగ. ఏనుగుని కట్టినా తెగదని గాడ్జెట్ల విభాగం అంటుంది. ఏనుగుతో పరీక్షించారా అంటే నీళ్ళు నములుతారు. చార్టులావిడని పక్క గదిలోకి వెళ్ళమని చెప్పి, డాలియాకి ఇంటర్‌కమ్ చేశాడు.

"చిన్న సందేహం మేడమ్. ఓసారి వస్తారా?" ఆమె రాగానే గుమ్మంలోకి వెళ్ళి, జాగ్రత్త, వైరింగ్ విప్పాను అంటూ ఆమెని చెయ్యి పట్టి తీగ దాటించి లోపలికి తీసుకొచ్చాడు.

డాలియా గదిలోకి వస్తే గదిలో దీపం ఇంకొకటి వెలిగినట్టుంటుందని సర్వీసులో కుర్రకారు చెప్పుకుంటారు. ముదురెరుపు కోటు, ఆకుపచ్చ కళ్ళద్దాలు, నవ్వితే ఒక పక్కే పడే సొట్ట. మూడు వారాల కిందటి సూది అయితే కనీసం ఒకసారి గుటక వేసేవాడు. ఇప్పుడు ఆమెని కూడా చార్టులాగే చూశాడు.

ఆమె తలుపు మూసి, చెయ్యి చాపింది. అతని ఫోన్ తీసుకుని ఆపేసింది. పెన్ను విప్పి చూసింది. కళ్ళజోడు, గడియారం, బెల్టు. చివరికి మీసం కూడా పీకి చూసింది. బల్ల మీది బాబిన్లని చూసింది గాని చెయ్యి వెయ్యలేదు. ఆమె జన్మలో గుండీ కుట్టుకున్న మనిషి కాదు.

"పంపేశారు," అంది తెర చూసి. గొంతులో కంగారు లేదు. "ఏం లాభం? మాస్టారి గుర్తు అలాగే ఉంచారు. కంట్రోల్ తీసుకోదు."

"గీత మింగేది మీ పెట్టే కదా?"

"పొరపాటండీ. ఎవరైనా చేస్తారు." సొట్ట పడింది. "అదే దాని అందం."

"బావకి తెలిసింది."

"ఆయన నా దగ్గరికే వచ్చారు. పాపం, నా పొరపాటు అనుకుని, ఎవరికీ చెప్పకుండా దిద్దేస్తానని, నా ఉద్యోగానికి ఇబ్బంది రాకూడదని." ఆమె బావ కుర్చీ అంచు మీద కూర్చుంది. "అప్పుడే ఆయన్ని ఏదో ఒకటి చెయ్యాల్సింది. మావాళ్ళు ఒప్పుకోలేదు. మంచిమనిషి మెట్ల మీంచి పడితే ఎంక్వైరీ ఉంటుంది. ద్రోహి పడితే ఉండదు. కాబట్టి మీ రిపోర్టు కోసం ఆగాం. మీరు త్వరగానే ఇచ్చారు. థాంక్స్."

"మీరే తోశారా?"

"మెట్ల మీద కొంచెం నూనె. మీ డబ్బాలో ఉంటుందే, అలాంటిదే." ఆమె గడియారం చూసుకుంది. "నాలుగూ ఆరు. ఇంకో నాలుగు నిమిషాలు మీరూ నేనూ కబుర్లు చెప్పుకోవచ్చు. మీకు కోపం రావడం లేదే?"

"రావడం లేదు," అన్నాడు సూది. నిజమే చెప్పాడు. "నేనూ దాని కోసమే ఎదురుచూస్తున్నా."

బల్ల మీద మూడో బాబిన్ మైక్. అది పావుగంట నుంచీ పెద్దాయన గదిలో మోగుతోంది.

నాలుగూ ఏడు. నాలుగూ ఎనిమిది. ఎక్కడో నలుగురు మనుషులు నలభై రెండు హెడర్లు మళ్ళీ లెక్కలోకి ఎక్కిస్తుండాలి. సూది ఆ నిమిషాలన్నీ గోడనే చూస్తూ నిలబడ్డాడు. నాలుగూ తొమ్మిది దాటి ముప్పై సెకన్లు. టేబుల్ ఫోన్ మోగింది. డాలియా కన్నా ముందు అతను స్పీకర్ నొక్కాడు.

"హోల్డ్," అంది పెద్దాయన గొంతు. "ఇంజన్ ఆపాం."

డాలియా చేతిలోకి లిప్‌స్టిక్ వచ్చింది. దాని మూత దగ్గర చిన్న గొట్టం. ఒక్క గుండు పేలి తెర భళ్ళుమంది. తెర పగిలితే ఏ ఫైలూ వెనక్కి రాదని ఆమెకీ తెలుసు, అది ఒట్టి ఉక్రోషం. వెంటనే తలుపు లాగి పరుగెత్తింది. వచ్చేటప్పుడు చెయ్యి పట్టి దాటించిన మనిషి వెళ్ళేటప్పుడు పక్కన లేడు. ఉక్కు తీగ తెగలేదు. గాడ్జెట్ల విభాగానికి ఇక ఏనుగు అక్కర్లేదు.

పక్క గదిలోంచి వచ్చిన చార్టులావిడ కింద పడ్డ ఎర్రకోటునీ, దూరంగా దొర్లిన లిప్‌స్టిక్‌నీ చూసింది. లిప్‌స్టిక్‌ని కాలితో సొరుగుల కిందికి తోసి, మాస్టారి కుర్చీ తీసుకెళ్ళి గోడ వారగా పెట్టింది.

నాలుగూ యాభైకి శకలం వచ్చింది, నలభై కిలోమీటర్ల దూరంలో పోయింది. పైనున్న ఇద్దరూ దాన్ని చూడను కూడా లేదు.

* * *

ఆరు గంటలకి సూది అక్క ఇంటి గేటు తీశాడు. మిషను కిటికీ పక్కన, మీద గుడ్డ కప్పి ఉంది. అక్క నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను తాగలేదు.

"బావ తప్పు చెయ్యలేదక్కా. ఈ రోజు తేలింది. రేపు వాళ్ళే వచ్చి చెబుతారు."

"చెయ్యలేదని నాకు తెలుసుగా," అంది అక్క.

"చేశాడని రాసింది నేను."

అక్క కిటికీలోంచి వీధిలోకి చూసింది. ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది కావడం లేదు. అది కదిలి వెళ్ళిపోయేదాకా చూసి, లేచి, మిషను మీది గుడ్డ తీసింది.

"ఇదెందుకు కుట్టు తప్పుతోందో తెలుసా నీకు?"

"చూస్తాను."

"చూడక్కర్లేదు. సూదికి ఒక వైపు చదునుగా ఉంటుంది. ఆ వైపు ఎడమకి ఉండాలి. నువ్వు తిరగేసి పెడతావు. పన్నెండేళ్ళుగా, వచ్చినప్పుడల్లా. నువ్వు గేటు దాటగానే మీ బావ విప్పి సరిగ్గా పెట్టేవాడు."

సూది మిషను వైపు చూశాడు.

"మొదటిసారే అన్నాడు. వీడు మిషన్ల మెకానిక్ కాదే, ఏదో వేరే ఉద్యోగం, చెప్పుకోలేనిది అయ్యుంటుంది, మనం అడగొద్దు, ఎవరితోనూ అనొద్దు అని." అక్క గొంతు మామూలుగానే ఉంది. "నువ్వొచ్చిన ప్రతిసారీ, చాలా బాగా కుడుతోందిరా అని నీతో చెప్పమనేవాడు."

పన్నెండేళ్ళు బావకి తెలుసు. పన్నెండేళ్ళలో ఎవరికీ ఒక్క వాక్యం రాయలేదు.

మత్తు దిగడం మొదలైంది. ముందు దవడ దగ్గర, తర్వాత కింద ఎక్కడో, తర్వాత అంతటా ఒకేసారి. బావ చచ్చిపోయాడు అన్న మాట మూడు వారాలు ఆలస్యంగా అతనికి చేరింది. మిషను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. చాలా నొప్పిగా ఉంది.

అక్క అతన్ని దగ్గరికి తీసుకోలేదు. పొమ్మని కూడా అనలేదు. మిషను సూది విప్పి, చదును వైపు ఎడమకి తిప్పి తానే బిగించింది. దారపు కొస తెంపి అతని చేతిలో పెట్టింది.

"ఎక్కించు. నాకు ఈ మధ్య చూపు ఆనడం లేదు."

ఆ సాయంత్రం రెండు ప్రాణాలు నిలబెట్టిన చేతికి, సర్వీసులో గురి తప్పని కంటికి, ఆ దారం ఎక్కించడానికి తొమ్మిదిసార్లు పట్టింది.